నాలుగు మూరల తెల్లబట్ట

టీవీలో అంతిమయాత్ర చూస్తూ, వెనకట పెద్ద నాయకుడు పోయిన రోజు నువ్వు కూడా ఏడ్చావా అమ్మమ్మా అని ఫోనులో అడిగావు కద బిడ్డా, ఏడ్చాను, సూరత్‌లో మా పాండేసర బస్తీ అంతా ఏడ్చింది, రేడియోలో ఆ వార్త విన్నాక పొయ్యి వెలిగించడానికి చేతులు రాలేదు, కానీ నా ఏడుపు మధ్యాహ్నం దాకానే నిలిచింది, ఆ తర్వాత మిగిలింది రోత.

ఆ రోజు తెల్లవారుజామునే మా పక్కింటి అక్క భర్త జ్వరంతో కన్నుమూశాడు. నేను బావా అని పిలిచే ఆ మనిషి మా ఊరి వైపు నుంచే వచ్చి, బతుకంతా సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, గుడ్డ నేశాడు. మా నేతవాళ్లలో పోయిన మనిషికి కొత్తబట్ట కప్పకుండా పాడె లేపరు. బట్టల ఊళ్లో అదెంత పని అనుకుంటారు మీరు. సంతాపమని బజారంతా మూసేశారు, మేం నేసిన తానులన్నీ సేఠు గోదాములో ఉన్నాయి, గోదాముకు తాళం.

వీధి మలుపులో మాత్రం నాయకుడి ఫొటోకు వేదిక కట్టి, చుట్టూ తెల్లతాను కుచ్చులు కుచ్చులుగా తిప్పుతున్నారు. అక్కను శవం దగ్గర కూర్చోబెట్టి, నేనే పోయి మా బస్తీ పెద్దమనిషిని నాలుగు మూరలు అడిగాను.

"ఏంది చెల్లె, దేశమంత ఏడుస్తుంటే నీకు గుడ్డ గావాల్నా? నాయకునికి తెచ్చింది చింపుతరా ఎవరన్న? జర పక్కకు జరుగు, ఫొటోవాలా వస్తుండు!"

ఫొటో తీసేవాడు రాగానే ఆయన భుజం మీది తువ్వాలు తీసి, అప్పటిదాకా పొడిగా ఉన్న కళ్లకు అద్దుకున్నాడు. ఫొటో సరిగా పడలేదని వాడంటే మళ్లీ అద్దుకున్నాడు. నేను ఉత్త చేతులతో వెనక్కి వచ్చాను.

ఎండ ముదిరింది, ఇంక ఉంచడానికి లేదు. మీ తాతది ఉతికిన పాత పంచె కప్పి బావను సాగనంపాం. అక్క ఏడుపు ఆపి, ఆ పంచె చిరుగును వేలితో లోపలికి మడిచింది.

ఇప్పుడు ఏడవడానికి వీధిలోకి కూడా రానక్కర్లేదు, ఫోనులోనే పూలు పెట్టి, దండం బొమ్మ పెట్టి, మరుక్షణం నవ్వులాటకు పోతున్నారు. మేమిప్పుడు ఉంటున్న ఈ అడాజన్ ఫ్లాట్లలో ఎదుటి తలుపు వెనక ఎవరు పోయారో లిఫ్టు దగ్గర జనం కనబడితే గాని తెలియదు. అప్పుడు అన్నీ బాగుండేవని చెప్పలేను తల్లీ, చూశాను కదా.

బావ పోయిన మూడోనాడు, వేదికకు చుట్టిన ఆ తెల్లబట్ట మోరీ పక్కన తొక్కుళ్లలో పడి ఉంది. అటుగా వస్తున్న పెద్దమనిషిని ఆపి ఒక్క మాట అడిగాను.

"అన్నా, నాలుగు మూరలు తగ్గితే నాయకుని చావు చిన్నగైతుండెనా?"