బావ ఎడమచెయ్యి

మా అక్క మొగుణ్ణి పనిలో అందరూ ‘తాళంగారు’ అనేవారు. ఆయన లిఫ్టుల మెకానిక్. లిఫ్టు గోతిలోకి దిగాలంటే పై గదిలో కరెంటు ఆపి, స్విచ్చు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి తన చొక్కా జేబులో పడితే గాని కాలు కదపడు. తోటివాడు ఎంత నమ్మకస్తుడైనా సరే, వాడి చేతికివ్వడు.

“నా ప్రాణం నీ జేబులో పెట్టి నేను కిందికి దిగాలా? మధ్యలో నీకు టీ గుర్తొస్తే నా గతేంటి?” అనేవాడు.

ఇంట్లోనూ అదే వరస. తన పంటి నొప్పి, తన దగ్గు తన సొంత వ్యవహారాలు. అక్క ఒకటికి రెండుసార్లు అడిగితే, “తాళం నా దగ్గరే ఉందిలే” అని నవ్వేసేవాడు.

అలాంటి మనిషి ఆ ఏడాది భయపడటం మొదలుపెట్టాడు. ఎడమచేతి వేళ్ళు మొద్దుబారుతున్నాయి. మొదట చిటికెన వేలు, తర్వాత దాని పక్కది. ఒకరోజు వేడి గిన్నెను ఎడమచేత్తో దించి పెట్టాడట. కాలిన వాసన వచ్చాక గాని తెలియలేదట. ఈ సంగతులన్నీ చాలాకాలం తర్వాత నాతో చెప్పాడు. అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే పనిలోంచి తీసేస్తారని ఒక భయం. చూపించుకుంటే ఏమిటో తేలిపోతుందని అంతకంటే పెద్ద భయం. వాళ్ళ నాన్న ప్రభుత్వాసుపత్రి వరండాలో, చక్రాల మంచం మీద, తన వంతు వచ్చేలోపే పోయాడు. ఆ వరండా లిఫ్టు పక్కనే ఉంటుంది. ఆ లిఫ్టు చూసేది బావే.

సరిగ్గా అప్పుడే కంపెనీవాళ్ళు కొత్త మాట చెప్పారు. ఇన్నాళ్ళూ అందరి జీతంలోంచీ కొంత డబ్బు ప్రభుత్వ వైద్య బీమాకే పోయేది. ఇక ఎవరి ఇష్టం వాళ్ళది. అందులోనే ఉండొచ్చు, లేదా బయటికొచ్చి ప్రైవేటు బీమా తీసుకోవచ్చు. అయితే బావ వయసువాళ్ళు ఒకసారి బయటికొస్తే మళ్ళీ లోపలికి రానివ్వరు. ఆ వారంతో గడువు ముగుస్తుంది.

ఆదివారం నేను అక్క ఇంట్లో ఉండగా మా తమ్ముడు ఊడిపడ్డాడు. వాడు ప్రైవేటు బీమా ఏజెంటు. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

“బావా, ఇంకా ఆలోచన దేనికి? నీ డాక్టరుని నువ్వే ఎంచుకుంటావు. ఫోను చేస్తే మర్నాడు పొద్దున్న కుర్చీ వేసి కూర్చోబెడతారు. అక్కడ చూడు, చీటీ కోసం ఒక లైను, ఆ చీటీ చూపించడానికి ఇంకో లైను.”

అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. ప్రభుత్వాసుపత్రి బట్టల విభాగంలో పని ఆమెది. దుప్పట్ల బండి తోసుకుంటూ అంతస్తులన్నీ తిరుగుతుంది. మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతోంది.

“లైనుంటే ఉంది. నువ్వెవరివి, నీకు ముందే ఏ రోగముంది అని గుమ్మంలో నిలదీసేవాడు మాత్రం లేడు” అంది. “మీవాళ్ళు అడుగుతారా లేదా?”

“అడుగుతారక్కా. అడగరా మరి? కాలుతున్న ఇంటికి ఎవరైనా బీమా చేస్తారా?”

“అదే నేనూ చెప్పేది. చల్లగా ఉన్నన్నాళ్ళూ మీరు, కాలడం మొదలెట్టాక మేము.”

“నీ ఉద్యోగం అక్కడ కాబట్టి అలా అంటున్నావు.”

“నీ కమీషను ఇక్కడ కాబట్టి నువ్వలా అంటున్నావురా, అబ్బాయీ!”

నేను పుస్తకం మూసి నవ్వాను. బావ నవ్వలేదు. ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

“ఎవరి ఒళ్ళు వాళ్ళది, ఎవరి ఎంపిక వాళ్ళది. బావకి నచ్చేది కూడా అదే. కదా, తాళంగారూ?” అన్నాడు తమ్ముడు. “పెద్ద పనేం లేదు బావా. ఒక డాక్టరు వచ్చి చూస్తాడు. ఏమైనా ఇబ్బందులున్నాయా అంటాడు. లేవంటావు. అయిపోయింది.”

“ఉన్నాయంటే?”

ఆ రెండు మాటలూ బావ నోట్లోంచి చాలా చిన్నగా వచ్చాయి. తమ్ముడు పట్టించుకోలేదు.

“నీకేముంటాయి? గుండ్రాయిలా ఉన్నావు. ఉండి దాచావనుకో, తర్వాత తెలిస్తే పైసా ఇవ్వరు. అది వేరే సంగతి.”

బావ నుదుటి మీద చెమట. ఫ్యాను కిందే కూర్చున్నాడు.

అక్క సంచీ భుజాన వేసుకుంది. “మీరు ఏదైనా తీసుకోండి, నాకు చెప్పి తీసుకోండి. అయినా మా ఆసుపత్రి మీద మీకు అంత భయమెందుకండీ? మీరు చూసే లిఫ్టేగా అక్కడిది. నిన్ననేగా చూశారు. దుప్పట్ల బండి తోసుకుంటూ నేను కళ్ళు మూసుకుని ఎక్కేస్తాను.”

బావ లేచి నిలబడ్డాడు.

“ఎక్కకు.”

“ఏమిటండీ?”

“ఇవాళ మెట్లెక్కి వెళ్ళు. ఆగు, నేనూ వస్తున్నాను. మరదలా, నువ్వు టార్చి పట్టుకుని రా.”

ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. లిఫ్టు దగ్గర ఎవరూ ఎక్కకుండా బోర్డు తగిలించి, లోపల ఎవరూ లేరని చూసుకుని, నన్ను పై గదికి తీసుకెళ్ళాడు. ఆ గదిలోకి నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి. తాళ్ళు ఎలా పరీక్షిస్తారో మాత్రం బావ ఇదివరకే చెప్పాడు. పెద్ద చక్రం మీదుగా లిఫ్టుని మోసే ఉక్కుతాళ్ళు నెమ్మదిగా జరుగుతుంటాయి. కుడిచెయ్యి ఆపే మీట మీద ఉండాలి. అది కదలడానికి వీల్లేదు. ఎడమచేత్తో నూలుగుడ్డను తాడు చుట్టూ వదులుగా పట్టుకోవాలి. తాడులో సన్నని తీగ ఒక్కటి తెగి లేచినా, ముల్లుకి కొంగు తగిలినట్టు గుడ్డ పట్టేస్తుంది. ఆ చిన్న లాగుడు వేళ్ళకి తెలియాలి. కళ్ళకి కనపడదు. అందుకే ఎన్నేళ్ళయినా ఎడమచెయ్యే.

ఆ పూట బావ గుడ్డ తీయలేదు. గుమ్మం దగ్గర నన్ను నిలబెట్టి టార్చి వేయమన్నాడు. తాడు కదిలింది. ఆయన కళ్ళు దానికి అతుక్కుపోయాయి. నాకు చక్రం చప్పుడు, ఆయన ఊపిరి చప్పుడు మాత్రమే వినిపిస్తున్నాయి.

“అదేమిటి బావా? తెల్లగా?”

మీట పడింది. తాడు ఆగింది.

మూడో తాడు మీద దూదిపింజ అంత తెల్లని పోగు వేలాడుతోంది. కొత్త నూలు. ముందురోజు గుడ్డది. తీగకి తగులుకుని, చిరిగి, అక్కడే ఉండిపోయింది. గుడ్డ చిరిగిన సంగతి ఆ చేతికి తెలియలేదు.

“ఒక్క తీగకి ఏమీ కాదు” అన్నాడు బావ. “ఒక తాడుకి ఏమైనా మిగతావి మోస్తాయి. భయపడకు.” నాతో అంటున్నాడు గాని, చెయ్యి గోడకి ఆనించి మెల్లగా కింద కూర్చుండిపోయాడు. “ఇంకా ఎన్ని లిఫ్టులు చూశానో ఈ చేత్తో.”

కాసేపటికి లేచి కరెంటు ఆపాడు. తాళం వేశాడు. కంపెనీకి ఫోను చేసి, తాను చూసిన లిఫ్టులన్నీ వేరేవాళ్ళ చేత మళ్ళీ చూపించమన్నాడు. ఎందుకని అవతలివాళ్ళు అడిగారు.

“నా చెయ్యి బాగాలేదు” అన్నాడు. ఆ మాట బయటికి అనడం అదే మొదలు.

మెట్లమీద అక్క కూర్చుని ఉంది. బావ ఆమె ముందు నిలబడి జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. అక్క దాని వంక, ఆయన వంక చూసింది. కొంగున ముడి వేసుకుంది.

మర్నాడు అదే ఆసుపత్రిలో, అదే వరండాలో లైనులో కూర్చున్నాం. తమ్ముడూ వచ్చాడు. లైను చూసి ఊరుకోలేకపోయాడు.

“ప్రైవేటు అయితే ఈపాటికి చూసేసేవాళ్ళు బావా.”

“నువ్వన్నది అబద్ధం కాదురా. కానీ అది, రోగముందా అంటే లేదని చెప్పగలిగినవాడికి. నేను చెప్పలేను కదా ఇప్పుడు” అన్నాడు బావ. తర్వాత వరండా చివర గోడ చూపించి, “నాన్న మంచం అక్కడుండేది” అన్నాడు.

తమ్ముడు వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. లైను ఎప్పటికోగాని కదిలేది కాదు. కదిలినప్పుడల్లా బావ ఉలిక్కిపడేవాడు. వంతు రాకపోతే ఒక భయం, వస్తే ఇంకో భయం.

చివరికి పిలిచారు. డాక్టరు చిన్నపిల్ల, బాగా అలసిపోయి ఉంది. బావ చెయ్యి బల్ల మీద పెట్టించింది. కళ్ళు మూసుకోమంది.

“నేను సూదితో ముట్టుకుంటాను. తెలిసినప్పుడల్లా చెప్పండి, సరేనా?”

బావ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. డాక్టరు చిటికెన వేలి కొస మీద సూది ఆనించింది. తర్వాత పక్క వేలి మీద. తర్వాత అరచేతి అంచున, కాస్త నొక్కి. అక్క కొంగు ముడిని పిడికిట్లో బిగించింది.

బావ ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. చెప్పడానికి సిద్ధంగా, పెదవులు కొంచెం తెరిచి.

“మొదలుపెట్టండి డాక్టరుగారూ” అన్నాడు.