మోడానికి బెదిరిన ఎద్దు

మా పెదనాయన కంబన్నకు కోపం వాన మీద. వాన చేతికి దొరకదు కాబట్టి దొరికినవాళ్ళ మీద తీర్చుకునేవాడు. పత్తికొండ పక్క మెట్టచేలు మావి, వాన తప్ప వేరే దిక్కు లేదు. మబ్బు కమ్మడాన్ని మేము మోడం అంటాం. నల్లగా మోడం పట్టి, చల్లగాలి తోలి, చుక్క రాల్చకుండా డోన్ వైపు వెళ్ళిపోయిందంటే పెదనాయనకు ఒళ్ళు తెలిసేది కాదు. చర్నాకోల తీసి కొట్టంలో ఉన్న దాపటెద్దును, అంటే కాడికి ఎడమపక్క కట్టే ఎద్దును, బాదేవాడు. అది చాలకపోతే ఇంట్లోకి వచ్చేవాడు. ఇంట్లో ఆయన భార్య, మా హులిగెమ్మ పెద్దమ్మ ఉండేది. అంతకంటే చెప్పలేను. మిగతా రోజుల్లో బంగారంలాంటి మనిషని ఊరు అనేది. మిగతా రోజులతో ఆమెకేం పని?

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఒక ఏడు తొలకరి బాగా పడి, నేల మంచి పదునుకొచ్చింది. పెదనాయన గొర్రు కట్టి కొర్రలు విత్తుతుంటే మళ్ళీ మోడం పట్టి ఉరిమింది. చేలల్లో అందరూ సంతోషంగా తలెత్తి చూస్తున్నారు. దాపటెద్దు మాత్రం గజగజ వణికి, కాడి విదిలించుకొని, గొర్రు విరగ్గొట్టి, వంకలో పడి పారిపోయింది. ఆ మోడం కూడా ఉత్తదే. ఎద్దు దొరికేసరికి పదును ఆరిపోయి సగం చేను బీడు పడింది.

ఎద్దును పట్టి తోలుకొచ్చింది పక్క చేను తిమ్మయ్య. పెదనాయన చర్నాకోల ఎత్తగానే అడ్డం నిలబడ్డాడు.

"కొట్టొద్దప్పా. అది మోడానికి బెదర్లేదు. మోడం వస్తే నువ్వొస్తావని బెదురుతాండాది."

పెదనాయనకు సిగ్గేసిందని కొందరంటారు. సగం చేను పోయిందని అర్థమైందని నేనంటాను. ఎద్దు బెదురు మానితే తప్ప సేద్యం సాగదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఆకాశం నల్లబడగానే చర్నాకోలను అటక మీద పడేసి, నానిన బుడ్డల చెక్క, అదే వేరుశనగ చెక్క, గుప్పెడు తీసుకొని ఎద్దు ముందు కూర్చునేవాడు. మొదట్లో అది గోడకు నక్కేది. మోడం దాటిపోయేదాకా ఆయన చెయ్యి చాచుకొనే ఉండేవాడు. ఆకాశాన్ని తిట్టబోయి గొంతు లేపితే ఎద్దు ఇంకా వెనక్కి జరిగేది, దాంతో తిట్టు మింగాల్సి వచ్చేది. కంబన్న మోడానికి నైవేద్యం పెడుతున్నాడని ఊళ్ళో నవ్వుకున్నారు.

ఆ కారు, అంటే ఆ పంటకాలం, ముగిసేసరికి ఉరుము వినపడితే ఎద్దు మోర చాచి ఆయన చెయ్యి వెతుక్కునేది. ఆయన చెయ్యి కూడా అటక వైపు కాకుండా చెక్క గంప వైపే పోయేది. కోపం రాకపోలేదు. వచ్చేది, కానీ చేతికి వేరే పని అలవాటైపోయి, కాసేపుండి చల్లారేది.

మరుసటి ఏడు కరువు. ఒక మధ్యాహ్నం దక్షిణాన మోడం లేచి, ధూళి రేపి, ఉత్తదే వెళ్ళిపోయింది. పెదనాయన ఎద్దుకు చెక్క పెట్టి, చేతులు కడుక్కొని, తన నెమ్మదికి తనే మురిసిపోతూ ఇంట్లోకొచ్చాడు. పెద్దమ్మ కనపడలేదు. వెతికితే లోపలి గదిలో జొన్నల గాదె వెనక ముడుచుకొని ఉంది. ఆయన నీడ పడగానే తలకు చేతులు అడ్డం పెట్టుకుంది.

ఏడాదిగా చెయ్యి ఎత్తలేదు కదా, ఇంకా ఎందుకీ భయం అని అడిగాడట. ఆమె చేతులు దించకుండానే జవాబు చెప్పింది.

"ఎద్దుకు చెక్క పెట్టి మాలిమి చేసుకుంటివి. మోడం పట్టినప్పుడల్లా దాని దగ్గరే కూచుంటివి. నా దగ్గరికి ఎప్పుడన్నా వస్తివా?"

పెదనాయన గుమ్మం వదిలి పక్కకు జరిగి నేల మీద కూలబడ్డాడట. ఇదంతా పెద్దమ్మే నాకు చెప్పింది. ఆ తర్వాత మోడం పట్టిందంటే ముందు ఆమె ఉన్నచోటికి వెళ్ళి, కాస్త దూరంగా కూర్చునేవాడు.

ఎద్దుకు ఒక్క కారు పట్టింది. పెద్దమ్మ మోడం కింద వాకిట్లో కూర్చొని జొన్నలు చెరగడం నేను చూసేసరికి నాకు పెళ్ళయి, చంకలో బిడ్డ ఉంది. అప్పుడు కూడా, ఉరిమితే ఆమె ఒకసారి ఆయన చేతుల వైపు చూసేది.