సోమవారం ఎడమ బూటు

మీరు చివరిసారి సిగ్గుపడకుండా ఊరికే పడుకున్నది ఎప్పుడు? తల దించుకోకండి, జవాబు చెప్పండి! ఈ ప్రశ్న అడగడం నాకు నేర్పిన మనిషి పోయిన సోమవారం పొద్దున వెళ్లిపోయారు. హెబ్బగోడిలో తన ఇంటి ముందు కూర్చుని, రాగి గంజి తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే కన్ను మూశారు. హొసకోటెలో ప్రార్థన కూడికకు బయలుదేరుతుంటే నాకు ఫోను వచ్చింది. ఏడ్చాను. ఆ తర్వాత, "సోమవారమా!" అనుకుని నవ్వాను కూడా. ఎందుకో చెబుతాను.

ఆయన్ని మేం మేష్ట్రు అనేవాళ్లం. బడిలో పాఠం చెప్పిన మనిషి కాదు. ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసి, షిఫ్టు దిగాక మాలాంటి కార్మికులకు దూరపు పరుగు నేర్పేవారు. ఆయన చట్టం ఒక్కటే: సోమవారం ఎవరూ పరిగెత్తకూడదు. మా మాట మీద ఆయనకు నమ్మకం లేదు. అందుకని ఆదివారం పరుగు అయిపోగానే అందరి ఎడమ బూట్లూ సంచిలో వేసుకుని, సైకిలుకు తగిలించుకుని ఇంటికి పట్టుకుపోయేవారు. మంగళవారం తిరిగి ఇచ్చేవారు. "కాలు గట్టిపడేది పరిగెత్తేటప్పుడు కాదప్పా, పండుకోనుండేటప్పుడు," అనేవారు.

ఆ చట్టాన్ని నేను మోసం చేశాను. తొంభైల నడిమి మాట. నేనప్పుడు టెంపరరీ కార్మికుణ్ణి. ఆ ఏడు రెండు ట్రయల్ పరుగులు పెట్టారు, ఒక్కోటి పది కిలోమీటర్లు. ఏదో ఒకదాంట్లో మొదట వచ్చినవాడికి ఫ్యాక్టరీ టీములో చోటు, దాంతోపాటు పర్మనెంటు ఉద్యోగం. రాకపోతే గది ఖాళీ చేసి మా ఊరి బస్సెక్కడమే. భయంతో దొంగతనంగా రెండో జత బూట్లు కొన్నాను. సోమవారాలు పరిగెత్తాను. శుక్రవారం ఉపవాసముండి కూడా పరిగెత్తాను. ఆకలి ఎంత మండితే భక్తి అంతగా మండుతుందని నా లెక్క.

మొదటి ట్రయల్ శనివారం. శుక్రవారమంతా పచ్చి నీళ్లయినా ముట్టకుండా గెలుపు కోసం ప్రార్థించాను. మర్నాడు ఏడో కిలోమీటరు దగ్గర కళ్లు చీకట్లు కమ్మి, రాగి చేను గట్టు మీద కూలబడ్డాను. మేష్ట్రు సైకిలు మీద వచ్చారు. తిట్టలేదు. ఉప్పు, చక్కెర కలిపిన నిమ్మకాయ నీళ్లు గుక్క గుక్కగా తాగించారు. అప్పుడు నా కాళ్ల వంక చూశారు. తల తిరుగుతూ బయలుదేరిన నేను దొంగ జతనే తొడుక్కొచ్చాను.

"ఇది ఏ ఊరి బూటప్పా? నా సంచిలో ఎప్పుడూ చూడలేదే!"

నేను కాళ్లు వెనక్కి ముడుచుకున్నాను.

"సరే, ఊరికే పండుకోనుండావు కదా, మీ లేఖనంలోది ఏందన్నా చెప్పు."

అడవిలో అలసిపోయి, పొద కింద పడుకుని, ఇక చావే ఇవ్వమని దేవుణ్ణి అడిగిన ప్రవక్త గురించి చెప్పాను. దేవుడు దూతను పంపాడన్నాను.

"దూత వచ్చి బాగా తిట్టినాడా?"

"లేదు మేష్ట్రూ. రొట్టె, నీళ్లు పెట్టి తినమన్నాడు."

"ఆమీట?"

"ప్రవక్త తిని మళ్లీ పడుకున్నాడు."

"దూత ఊరుకున్నాడా?"

"రెండోసారి లేపి, దూరం పోవాలి, మళ్లీ తినమన్నాడు."

మేష్ట్రు తొడ చరిచి నవ్వారు. "నాకంటే మంచి కోచే మీ దూత! నువ్వు బట్టీ పట్టినావు గానీ చదవలేదప్పా."

"మరి ఉపవాసం?"

"ఉండు. వద్దనేదానికి నేనెవరు? ఆ దినం పరిగెత్తొద్దు, అంతే. కడుపు మాడ్చుకోని పడితే చెడ్డపేరు మీ దేవుడికి కదా!"

ఆ సాయంత్రం దొంగ జతలోని ఎడమ బూటు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఎప్పటికీ తిరిగి ఇవ్వొద్దన్నాను.

రెండో ట్రయల్‌కు ఆరు వారాలుంది. ఆ ఆరు వారాలు పండగే! పరుగు ఆపిన అరగంటలోపు అరటిపండు, శనక్కాయలు, బెల్లం. దూరం ఎక్కువున్న రోజు ఉప్పేసిన పలచని గంజి సైకిలు మీద నా పక్కనే వచ్చేది. మధ్యాహ్నం మేష్ట్రు భార్య, మేం అమ్మా అని పిలిచే తల్లి, ముద్ద మీద ముద్ద వడ్డించేది. "ఏమప్పా, కోడిపిల్ల మాదిరి కెలుకుతాండావు? తినేది కూడా ప్రాక్టీసే," అనేది. చాలు అంటే ఇంకో ముద్ద పడేది.

నెమ్మది పరుగు రోజున మేష్ట్రు నన్ను ప్రసంగం చేస్తూ పరిగెత్తమనేవారు. మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టు. "తెగింది! నిదానం!" అని సైకిలు బెల్లు కొట్టేవారు. ఒకసారి, "ఈ పొద్దు పాపుల్ని జాస్తి తిట్టినావు, అందుకే ఊపిరి చాల్లేదు," అన్నారు. నేను బైబిలు కాలేజీ గడప తొక్కలేదు. నా మొదటి వేదిక ఆ మట్టి రోడ్డు. నా మొదటి సంఘం, ఇంట్లో తన దేవుడికి దీపం పెట్టి వచ్చి నా మాటలు వింటూ సైకిలు తొక్కిన ఆ ఒక్క మనిషి.

రెండో ట్రయల్లో రాగి చేను గట్టు దాటేటప్పుడు ఇంకా ఊపిరి మిగిలుందని తెలిసి, "హల్లెలూయా!" అని అరిచాను. "ఊపిరి దాచుకోరా!" అని వెనక నుంచి మేష్ట్రు నాకంటే గట్టిగా అరిచారు. మొదట వచ్చాను. ఆ ఉద్యోగమే నేటికీ నాకు అన్నం పెడుతోంది.

పోయిన సోమవారం ఆయన ఇంటికి చేరేసరికి, ఇప్పుడు ఆయన దగ్గర నేర్చుకుంటున్న పదకొండు మంది చెప్పులతో నిలబడి ఉన్నారు. వాళ్ల ఎడమ బూట్లు లోపల బెంచీ కింద వరసగా ఉన్నాయి. అంత్యక్రియలయ్యాక ఒకడు మెల్లగా తన బూటు కోసం వంగాడు. అమ్మ కళ్లు తుడుచుకుంటూనే గద్దించింది. "ముట్టుకోవద్దు! ఈ పొద్దు సోమవారం. రేపు రాండి."

మంగళవారం తెల్లవారగానే గడప మీద కూర్చుని పదకొండు మందీ బూట్లు కట్టుకున్నారు. ఒకరితో ఒకరు గట్టిగా మాట్లాడుకుంటూ, మాట తెగకుండా, నెమ్మదిగా పరిగెత్తుకుంటూ పోయారు. బెంచీ కింద ఒక్క ఎడమ బూటు మిగిలింది. నాదే. ప్రతి ఆదివారం ఆయన దానికి కూడా దుమ్ము దులిపేవారని అమ్మ చెప్పింది. దాన్ని అక్కడే ఉంచి వచ్చాను.

మీరు దాచుకున్న రెండో జత ఏదో మీకు తెలుసు. ఈ రోజే, పొద్దు వాలకముందే, దాని ఎడమ బూటు తీసుకెళ్లి మీ మేలు కోరే మనిషి చేతిలో పెట్టండి. ఇంటికొచ్చి కడుపు నిండా తినండి. పడుకోండి. రేపు కాదు, దూరం చాలా ఉంది, ఈ రోజే!