భాయిసాబ్ నాకి చూసిన రాయి

పొద్దున పప్పులోకి పోపు వేస్తుండగా ఫోన్ మోగింది. దోహాలోనే అల్ అజీజియా పేట నుంచి, మా పాత పొరుగు భాయిసాబ్ కూతురు. "అబ్బాజాన్ పోయిండు ఆంటీ. నిద్రలనే పోయిండు," అంది. వస్తున్నానని చెప్పి పెట్టేశాను. ఆ తర్వాత నేను చేసిన మొదటి పని ఏడవడం కాదు. గట్టిగా గాలి పీల్చి, ఇంగువ వాసన వస్తోందో లేదో చూసుకున్నాను. వచ్చింది. అప్పుడు స్టవ్ ఆపాను.

మీరు నవ్వుకోవచ్చు. చమురు డబ్బు దోహా మీద కొత్తగా కురుస్తున్న ఆ రోజుల్లో మాకు పక్కింట్లో ఉండి ఉంటే నవ్వరు.

కంపెనీ క్వార్టర్స్‌లో ఆయనకూ మాకూ ఒకటే గోడ. ఆయనది కరీంనగర్ వైపు, మాది కాకినాడ. చమురు బావి తవ్వుతుంటే బురదతో పాటు పైకొచ్చే రాతిముక్కలు చూసి, కింద ఏ పొర ఉందో చెప్పడం ఆయన ఉద్యోగం. కడుగుతారు, భూతద్దం పెడతారు, నాకుతారు. తడిస్తే తప్ప రాతిలో ఉన్నది పైకి తేలదట. మా ఇంటికి భోజనానికొచ్చినా జేబులోంచి ఓ రాయి బయటికొచ్చేది.

"ముందు పప్పు రుచి చూడండి భాయిసాబ్, చల్లారిపోతుంది. మీ రాయి ఎప్పుడో చల్లారింది," అనేదాన్ని.

"నీ పప్పుల ఉప్పెక్కువుంది చెల్లె. రాయే నయం."

ఒకసారి ఆ రాయి నా చేతిలో పెట్టారు. దాని నిండా ఆవగింజంత చుట్టలు. చీమల పెళ్ళికి ఎవరో జంతికలు చుట్టినట్టున్నాయి. ఎప్పటివో సముద్రపు పురుగులు కట్టుకున్న గొట్టాలని చెప్పారు.

"ఇల్లు కట్టుకొని అండ్లనే బతికినయ్, అండ్లనే సచ్చినయ్. ఆ జాతే లేదిప్పుడు. వాటి ఒళ్ళు ఎట్లుండెనో ఎవ్వలకు తెల్వది. ఇల్లొక్కటే మిగిలింది."

"మన క్వార్టర్స్ సంగతీ అంతేగా," అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇవి కనబడ్డయంటే గ్యాస్ పొర దగ్గరికొచ్చినట్టే చెల్లె. మురిగిన గుడ్ల వాసనుంటది దానికి. వాసనొస్తే భయపడు. వాసన పోతే ఉరుకు."

"పోతే మంచిదేగా?"

"గ్యాస్ పోదు. మన ముక్కు సచ్చిపోతది. ఆ ఎన్కనే మనిషి."

మా ఆయన అదే బావి దగ్గర ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. ఆ మాట విన్నాక నాకు కంటి మీద కునుకు లేదు. డ్యూటీకి బయల్దేరినప్పుడల్లా అదే పాఠం అప్పజెప్పేదాన్ని. "నీకూ రాళ్ళ పిచ్చి అంటుకుంది," అని టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయేవారు.

ఒక మధ్యాహ్నం కంపెనీ బస్సు ఖాళీగా వచ్చింది. డ్రైవర్ కిందికి కూడా దిగలేదు. "గ్యాస్ ఆయా. ఖబర్ మాఫీ," అన్నాడు. గ్యాస్ వచ్చిందట, మనుషుల కబురు లేదట. భాయిసాబ్ భార్య, నేను ఆవిడ వంటింట్లో కూర్చున్నాం. ఆవిడ తస్బీహ్ పూసలు తిప్పుతూ జపం చేసుకుంటోంది. నేను తెలిసిన దేవుళ్ళకు మొక్కడం అయిపోయి తెలియనివాళ్ళ దగ్గరికి వచ్చాను. పొయ్యి వెలిగించాలంటే భయం. కిటికీ తీయాలంటే భయం. మాటిమాటికీ ముక్కు ఎగబీల్చడమే. ఏ వాసనా లేదు. వాసన లేకపోతే ఏమిటో చెప్పిన మనిషి బావి దగ్గరే ఉన్నాడు.

చీకటి పడుతుండగా వచ్చారు. మా ఆయన నడిచి, భాయిసాబ్ ఇద్దరి భుజాల మీద.

ఆ ఉదయం కడిగిన ముక్కల్లో చుట్టలు కనిపించాయట. అందరికీ మాస్కులు ఇవ్వాల్సిందేనని ఆయన పట్టుబట్టారు. "పురుగు చెప్పిందా?" అని పై అధికారి ఎగతాళి చేశాడట. "అది సచ్చి కోట్ల ఏండ్లాయె. దానికి అబద్ధమాడే అవసరమేముంది," అన్నారట ఈయన. మాస్కులు వచ్చాయి. తర్వాత వాసనా వచ్చింది. మా ఆయన మాస్కు పెట్టుకోబోయేంతలో వాసన పోయింది. పోయింది కదా అని మాస్కు పక్కన పెట్టి కరెంటు పని చూసుకోబోయారు, అక్కడే కూలిపోయారు. భాయిసాబ్ తన మాస్కు తీసి ఆయనకు తగిలించి, గాలికి ఎదురుగా ఈడ్చుకుపోయారు.

"నీ పెండ్లాం దినాం చెప్పలేదా?" అని మర్నాడు భాయిసాబ్ మా మంచం పక్కన కూర్చుని, దగ్గుతూనే తిట్టారు. మా ఆయన తల వంచుకుని ఒప్పుకున్న సందర్భం మా కాపురం మొత్తంలో అదొక్కటే.

భాయిసాబ్‌కు వాసన మళ్ళీ తెలియలేదు. బిర్యానీ లేదు, అత్తరు లేదు. ఎవరింటికెళ్ళినా గుమ్మంలోనే ఆగి, "చెల్లె, ఏమన్నా వాసనొస్తుందా?" అని అడిగేవారు. మొదట్లో, "వస్తోంది, మీ బూట్లది," అనేదాన్ని. అడిగేటప్పుడు ఆయన చెయ్యి తలుపును గట్టిగా పట్టుకుని ఉండేది. అది చూశాక వేళాకోళం మానేశాను. ఉల్లిపాయ, సాంబ్రాణి, తడిబట్టలు, ఏది వస్తే అది చెప్పేదాన్ని. అప్పుడే లోపలికి వచ్చేవారు. ఈమధ్య మంచం మీద నుంచే అడిగేవారు, నేను ఫోన్‌లో మా వంటిల్లు చెప్పేదాన్ని.

నేను అజీజియా చేరేసరికి ఆయన్ను తీసుకెళ్ళిపోయారు. ఇల్లంతా అత్తరు. గుమ్మంలో ఆగి, ఏం వస్తోందో లోలోపలే చెప్పి లోపలికి వెళ్ళాను.

తిరిగి అల్ ఘర్రాఫాలో మా ఇంటికి వచ్చాక, అప్పుడాయన నా చేతిలో పెట్టిన రాయిని వంటింటి కిటికీలోంచి తీశాను. ఎండిపోయి ఉత్త సున్నపురాయిలా ఉంది. ఇంట్లో ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని నాకాను. చుట్టలన్నీ పైకి తేలాయి, ఖాళీ ఇళ్ళన్నీ.

అప్పుడు గాలి పీల్చాను. పొద్దుటి పోపు వాసన లేదు. పప్పు వాసన లేదు. ఏదీ లేదు. ఈ వయసులో నేను అంత వేగంగా బయటికి వచ్చింది లేదు. గాలికి ఎదురుగా, రాయి పట్టుకుని వీధి గుమ్మం ముందు నిలబడ్డాను. ఎండకు తడి ఆరుతుంటే, నా చేతిలో చుట్టలు ఒక్కొక్కటే కనిపించకుండా పోయాయి.