చారు చెంబు కరిగించి పోసిన పొన్ను

ఈ కథలో తెలివితక్కువవాణ్ణి నేనేనని ముందే ఒప్పుకుంటే తర్వాత చెప్పడం సులువు. మార్కాపురంలో పిల్లలచేత పలక మీద అక్షరాలు దిద్దించడం నా ఉద్యోగం, కత్తులు చేయడం నా పిచ్చి. కమ్మరి దగ్గర అలుగు, అంటే కోసే రేకు, కొట్టించుకుని, తుమ్మ పిడి నేనే చెక్కేవాణ్ణి. రెండూ కలిసేచోట ఉంగరంలా బిగించే పొన్ను మాత్రం ఉండేది కాదు.

గిద్దలూరు నుంచి వచ్చిన మా అక్క మొగుడు నా కత్తితో దోసకాయ కోయబోయాడు. అలుగు కాయలో దిగబడిపోయింది, పిడి ఆయన చేతికొచ్చింది.

"మంచి పని చేసినావు బామ్మర్దీ. పిడితో ఎవురికీ దెబ్బ తగలదు."

రోషంతో, సత్తుతో పొన్ను పోస్తానన్నాను. సత్తంటే తగరంలో కాస్త సీసం కలిసిన లోహం, కుంపటి మీదే కరుగుతుంది. కానీ అవి యుద్ధం రోజులు. పొదిలి సంతలో గిన్నెలకు కళాయి వేసే సాయిబునడిగితే నవ్వాడు.

"తగరం యాడిది అయ్యవారూ, ఓడలే రాకపాయె. మీ ఇంట్లో చారు కాచే సత్తు చెంబు లేదా ఏంది?"

ఆయన ఎగతాళికే అన్నాడేమో. నేను సలహాగా స్వీకరించాను.

చెంబు నా భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. రెండు రోజులు బతిమాలితే ఇచ్చింది గానీ, "పొన్ను నిలబడకపోతే ఇంక ఈ ఇంట్లో చారు అడగొద్దు" అంది. చారు లేకుంటే నాకు ముద్ద దిగదు.

బావ మధ్యలో దూరాడు. "నిలబడితే చెంబుకు చెంబు నేనిస్తాలే చెల్లెమ్మా."

మా ఊళ్లో పలకరాయికి కొదవ లేదు. రెండు పలకల్లో సగం సగం పొన్ను ఆకారం తొలిచాను. చెంబును ముక్కలు చేసి ఇనప మూకుట్లో కరిగించాను. పలక కనపడితే నా చేయి ఊరుకుంటుందా? ఏ అక్షరం మొదలుపెట్టాలన్నా ముందు తడిగుడ్డతో తుడవడం అలవాటు. శుభ్రంగా తుడిచి, నడుమ పిడి మొన నిలిపి, పలకలు బిగించి, సత్తు పోశాను.

తడి ఆవిరై ఎదురు తన్నింది. సత్తులో సగం గోడకు అంటుకుంది, ఒక చుక్క నా మీసాన్ని కాల్చింది. సత్తు ఎగిరింది, నా సత్తా తేలింది. బావ నులకమంచం మీద పడి దొర్లాడు.

"కత్తికి పొన్ను పొయ్యమంటే గోడకు కళాయి యేసినాడే."

గోడ గీకితే మట్టే ఎక్కువ రాలింది. మూకుట్లో మిగిలింది ఒక్క పొన్నుకు సరిపడా. నా భార్య చింతపండు కుండను తీసి అటక మీద పెట్టింది.

అది చూశాక పలకలను రోజంతా ఎండలో పడేశాను, నిప్పుల పక్కన వేడి చేశాను, ఊపిరి బిగబట్టి మళ్లీ పోశాను. పలకలు విప్పితే పిడి మెడకు వెండి కడియంలా పొన్ను మెరుస్తోంది. అలుగు దిగ్గొట్టి బావ చేతికిచ్చాను. ఓడించాలని ఆయన ఇంట్లో ఉన్న దోసకాయలన్నీ కోసి పోగుపెట్టాడు. పొన్ను కదల్లేదు. ఆ వారమంతా మాకు దోసకాయ పచ్చడే.

చింతపండు కిందికి దిగింది. బావ ఎన్ని సంతలు తిరిగినా కొత్త చెంబు దొరకలేదు. మాట ఇచ్చాడు గనుక తన ఇంటి చారు చెంబే తెచ్చి ఇచ్చాడు. ఆయన వచ్చినప్పుడల్లా అందులోనే చారు కాయించి, గిన్నె నిండా పోసి, దగ్గర కూర్చుని అడిగేవాణ్ణి.

"మీ ఇంట్లో చారు ఇట్ల కుదురుతాందా బావా?"