ఎగ్బర్ట్ తువాళ్ళు

ఎగ్బర్ట్‌కు ఒకటే పిచ్చి. ఖాళీ కుర్చీ కనిపిస్తే చాలు, దాని మీద తువాలు పరిచేస్తాడు. పరిచాక అది ఆయనదే. ఆయన ఊరు వాల్డ్‌రోడా జర్మనీలో ఉంది, అక్కడ తువాలు పరిస్తే కుర్చీ పట్టుకున్నట్టే లెక్క కాబట్టి, దాని జోలికి దొంగ కూడా పోడు. కొలను దగ్గర, చర్చిలో, పళ్ళ డాక్టరు గదిలో అన్నిచోట్లా ఆయన తువాళ్ళే. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు కుర్చీ మీదా పరిచాడంటారు. పరిచే ఉంటాడు.

రొట్టెల కొట్టు ట్రౌడెల్‌కు ఆయన పేరెత్తితే ఒళ్ళు మంట.

"కొట్టు కట్టేసి కొలనుకొస్తే ఒక్క కుర్చీ మిగల్చరు. మనిషి ఒక్కరు, తువాళ్ళు పది."

"అది కాదు ట్రౌడెల్..." అనబోయేవాడు ఎగ్బర్ట్.

ఆమె వినేది కాదు, విసవిసా వెళ్ళిపోయేది.

ఇంతలో 'మన గడ్డ' పార్టీ నాయకుడు హార్ట్‌విగ్ ఊరి హాల్లో సభ పెట్టించాడు. పాత బడిలో ఉంటున్న పరాయి దేశాల కుటుంబాలను వెళ్ళగొట్టాలా వద్దా, చేతులెత్తి తేల్చాలి. కూర్చున్నవాళ్ళ చేతులే లెక్క. ఆ నియమం హార్ట్‌విగ్‌దే. పనుల్లో ఉన్నవాళ్ళు వచ్చేలోగా తన మనుషులతో హాలు నింపెయ్యాలని ఎత్తు. ట్రౌడెల్‌కు గుండె జారిపోయింది. ఆమెతో కలిసి పిండి పిసికే రీమా ఆ బడిలోనే ఉంటోంది మరి.

కొట్టు కట్టేసి ఇద్దరూ పరిగెత్తారు. హాలు నిండా తువాళ్ళు. హార్ట్‌విగ్ మనుషులు వెనక రెండు వరుసల్లో ఇరుక్కున్నారు, మిగతావాళ్ళు జెండాలు పట్టుకుని గోడవారన నిలబడ్డారు.

"తీసి పారెయ్యండి," అంటున్నాడు హార్ట్‌విగ్.

"మీరే తియ్యండి. తువాలు పరిచుంది కదండీ," అన్నాడు ఆయన మనిషి ఒకడు.

"అవతల దేశం పోతోందయ్యా."

"పోతే పోనీండి, ఇది ఎవరిదో తువాలు."

హార్ట్‌విగ్ చెయ్యి చాచి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

గుమ్మం దగ్గర ఎగ్బర్ట్ నిలబడి ఉన్నాడు. "ట్రౌడెల్, బాతు బొమ్మది నీది, పక్కది రీమాది. ముందు వరుస నర్సులకి, డ్యూటీ దిగి వస్తున్నారు. వెనక రెండు వరుసలు హార్ట్‌విగ్ మనుషులకే వదిలేశాను, వాళ్ళూ మన ఊరివాళ్ళే కదా."

పనులు ముగించుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తువాళ్ళ మీద కూర్చున్నారు. చేతులు లేచాయి. రీమా వాళ్ళు ఊళ్ళోనే ఉంటారని తేలిపోయింది. రీమా ట్రౌడెల్‌ను వాటేసుకుని ఏడ్చేసింది, నవ్వేసింది.

"మరి మీరు కూర్చోలేదే? మీ చెయ్యి లెక్కలోకి రాలేదు," అంది ట్రౌడెల్.

"నా తువాళ్ళన్నీ ఎత్తాయిగా. కొలను దగ్గరా నీకోసమే పరిచేవాణ్ణి. చెప్పనిస్తేగా."

ఆ ఆదివారం ట్రౌడెల్ అందరికంటే ముందే కొలనుకు వెళ్ళి, నీడపట్టున మంచి కుర్చీ చూసి, ఎగ్బర్ట్ కోసం పిండి అంటిన తన కొట్టు తువాలు పరిచింది. రీమాతో ఈత కొట్టి వచ్చేసరికి, ఆయన ఆ కుర్చీ పక్కన మండుటెండలో నిలబడి పిల్లల్ని అదిలిస్తున్నాడు.

"అవతలికి పొండి. ఇది ఎవరికోసమో పరిచి పెట్టుకున్నారు."