అలసిన దళాన్ని వెనక్కి పిలవాలి

మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం మా అన్నను మల్కాజ్‌గిరి నుంచి బోయిగూడలోని ఒక డయాలసిస్ సెంటర్‌కి స్కూటర్ మీద తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడ నాలుగు గంటలు ఒంట్లో రక్తమంతా యంత్రానికి అప్పగించి పడుకోవాలి. సూదులున్న ఎడమ చెయ్యి కదపకూడదు. అందుకని ఫోన్ నేను పట్టుకుంటే, అన్న కుడిచేతి వేలితో యుద్ధం చేసేవాడు.

అది మాంత్రికులు, రాక్షసులు ఉండే యుద్ధం ఆట. చదరంగంలాగే వంతులవారీగా ఎత్తు వేయాలి. కాకపోతే చదరంగంలో బంటుకు ఒళ్ళునొప్పులుండవు, ఇందులో ఉంటాయి. ప్రతి దళం నెత్తిన చిన్న గుర్తులు కనిపిస్తాయి. పచ్చచుక్క ఉంటే విషం ఎక్కినట్టు, వంగిన కత్తి ఉంటే అలసిపోయినట్టు. విషం ఎక్కిన దళంలో వంతుకు కొందరు చస్తారు. అలసట ఎవరినీ చంపదు. బాణం గురి తప్పుతుంది, డాలు ఆలస్యంగా లేస్తుంది, అంతే. అందుకే నాకు దానిమీద లెక్కలేదు. "ఇంకొక్క దెబ్బ కొట్టించన్నా, గెలుస్తం" అని తొందరపెట్టేవాణ్ణి.

"జెర ఆగు తమ్మీ. నిలబడ్డరు గని ఆళ్ళల్ల సత్తువ లేదు" అని అన్న ఆ దళాన్ని వెనక్కి జరిపి, రెండు వంతులు ఊరికే కూర్చోబెట్టేవాడు. రాంగోపాల్‌పేట్‌లో మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఆయనది. వేడెక్కిన మోటారును చల్లారకముందే మళ్ళీ తిప్పితే తీగ కాలిపోతుందని గిరాకీలకు చెప్పీ చెప్పీ అలవాటైన మనిషి.

అన్నకు కిడ్నీ కావాలి. నాది సరిపోతుందేమో చూడమని డాక్టర్ అంటే వెళ్ళి పరీక్షలు చేయించుకున్నాను. ఇస్తావా అని అన్న అడగలేదు, ఇస్తానని నేనూ అనలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ మాత్రం అడిగినవాడికి అందరికంటే చివర పెట్టేది. ఆ చేతి అన్నం తిని పెరిగినవాళ్ళం కాబట్టి మేం ఏదీ నోరు తెరిచి అడగం. ఎదుటివాళ్ళే తెలుసుకుని ఇవ్వాలి.

రిపోర్టు వచ్చింది. సరిపోతుందని ఉంది. మడిచి ఆఫీసు బ్యాగులో అడుగున పెట్టాను. వదిన ఉండబట్టలేక అడిగితే, "ఇంకా రాలె వదినా" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చెప్పలేను. నాకు భయం. కోతంటే భయం, మత్తంటే భయం, ఆ తర్వాత నా ఒళ్ళు నా మాట వినదేమోనని ఇంకా భయం. అలా నెల గడిచింది.

ఆ నెలలో ఆటలో చాలా కోటలు గెలిచాం. ఇంటి దగ్గర మాత్రం అన్న మెట్లెక్కుతూ మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. "ఏందన్నా?" అంటే "ఏం లేదురా, మంచిగనే ఉన్న" అనేవాడు. మనుషుల నెత్తిన గుర్తులుండవు. ఉన్నా, ఆ రోజుల్లో నేను తలెత్తి చూసేవాణ్ణి కాదు.

ఒక శుక్రవారం ఆట మధ్యలో అన్న వేలు ఫోన్ మీద ఆగిపోయింది. ఎత్తడానికి ఓపిక లేదు. నా వైపు చూసి సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

"నా వంతు సుత నువ్వే ఆడు."

ఇక ఉండలేకపోయాను. రిపోర్టు వచ్చి నెలైందనీ, సరిపోయిందనీ, భయపడి దాచాననీ గబగబా చెప్పేశాను.

"తెల్సురా" అన్నాడు అన్న. "దవాఖానోళ్ళు నాకు సుత ఫోన్ చేసిన్రు."

"మరి అడగలేదేందన్నా?"

"అడిగితే కాదనవు. గజగజ వణుక్కుంటనే ఇస్తవు. జెర ధైర్యం రానీ అని ఊకున్న."

మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన అన్నకు గుండె పరీక్ష చేయించి, ఆ కాగితాలు రెండుసార్లు తిప్పి చూశాడు. "పంపింగ్ బాగా తగ్గిందండీ. ఇప్పుడు ఆపరేషన్ తట్టుకోలేరు. నెల కిందట వచ్చి ఉంటే ఆలోచించేవాళ్ళం. ముందు గుండె కోలుకోనివ్వండి, తర్వాత చూద్దాం" అన్నాడు.

బయటికొచ్చాక అన్న నా భుజం మీద చెయ్యేశాడు. "పరేషాన్ గాకు. నీకు సుత ఇంకింత టైం దొరికింది" అన్నాడు. ధైర్యం తెచ్చుకోవడానికి నేను తీసుకున్న నెల రోజులూ అన్న ఒంట్లోంచి తీసుకున్నవే.